జిప్సీ స్టీరింగ్ వణుకు: కింగ్ పిన్ బేరింగులు మార్చి నాలుగేళ్ళు నడిపాక

మా మారుతి జిప్సీకి కింగ్ పిన్ బేరింగులు, అంటే ముందు చక్రం అటూ ఇటూ మళ్ళే కీలు దగ్గర ఉండేవి, మార్పించి నాలుగేళ్ళు దాటింది. ఈ నాలుగేళ్ళలో 38,000 కిలోమీటర్లు తిరిగింది. అందులో సగం పొదలకూరు, రాపూరు మధ్య నిమ్మతోటల మట్టి దారులు, మిగతా సగం నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే. ఇన్నాళ్ళు ఆగి ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఈ స్టీరింగ్ వణుకు జబ్బు నయమైందని అంతకుముందు రెండుసార్లు నమ్మాను. రెండుసార్లూ తిరగబెట్టింది.

2021 ఫిబ్రవరిలో కావలికి పోతున్నాం. పక్కన మా ఆవిడ, వెనక మా నాయన. పెన్నా వంతెన మీద స్లాబుకూ స్లాబుకూ మధ్య అతుకు దగ్గర ముందు చక్రం టక్కుమంది. మామూలుగా అయితే అంతటితో సరి. ఆ రోజు మాత్రం స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టి, కన్నుమూసి తెరిచేలోపు చేతులు నిలవనంత పెరిగిపోయింది. ముందు పెట్టిన నీళ్ళ సీసా ఎగిరి మా ఆవిడ కాళ్ళ దగ్గర పడింది. స్పీడు 70 దగ్గర ఉంది. "ఆపు నాయనా, ఆపు" అని వెనక నుంచి మా నాయన అరుస్తూనే ఉన్నాడు. యాక్సిలరేటర్ వదిలేశాను. బ్రేకు గట్టిగా తొక్కితే ముందు చక్రాల మీద బరువు ఇంకా పడుతుందని చిన్నగా తొక్కుతూ వచ్చాను. 30కి దిగాక గానీ ఆ ఊపు ఆగలేదు. కోవూరు వైపు పక్కన ఆపి దిగితే నాకు మోకాళ్ళలో బలం లేదు.

దీన్ని డెత్ వాబుల్ అంటారు. పేరు వింటే భయపెట్టడానికి పెట్టినట్టుంటుంది కానీ, ఒక్కసారి చేతిలో పట్టుకున్నవాళ్ళకు ఆ పేరు ఎక్కువనిపించదు. చక్రం బ్యాలెన్స్ తప్పితే వచ్చే వణుకు వేరు. అది ఒక స్పీడులో మొదలై, ఆ స్పీడు దాటితే తగ్గుతుంది. ఇది గుంతో అతుకో తగలగానే పుట్టి, దానంతట అదే పెరుగుతుంది. బండి బాగా నెమ్మదిస్తే తప్ప పోదు. జిప్సీలాగా ముందు వైపు ఒకటే గట్టి యాక్సిల్ ఉన్న బండ్లలో రెండు చక్రాలనూ టై రాడ్ అనే కడ్డీ కలిపి ఉంచుతుంది. ఒక చక్రానికి తగిలిన దెబ్బ రెండోదానికి పోతుంది, అది తిరిగి మొదటిదాన్ని నెడుతుంది. జాయింట్లన్నీ బిగువుగా ఉంటే ఆ దెబ్బ అక్కడే చచ్చిపోతుంది. ఎక్కడైనా వెంట్రుకవాసి లూజు ఉంటే ఉయ్యాల ఊపినట్టు ఊపు మీద ఊపు ఎక్కుతుంది.

నేను చేసిన మొదటి పని అందరూ చేసేదే, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్. నాలుగు నెలల్లో మూడు చోట్ల చేయించాను. రెండోది స్టీరింగ్ డ్యాంపర్, అంటే స్టీరింగ్ కుదుపులను మింగే చిన్న షాక్ అబ్జార్బర్. మా బండికి మొదటి నుంచీ ఉన్నది ఆయిల్ కారిపోయిందని, దాని స్థానంలో లావుపాటి గ్యాస్ డ్యాంపర్ వేయించాను. అమ్మినాయన వణుకు అన్నదే ఉండదని గట్టిగా చెప్పాడు. నిజంగానే నాలుగు నెలలు లేదు. మా ఆవిడ కూడా మళ్ళీ ముందు సీట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. ఐదో నెల సింగరాయకొండ దాటాక, చిన్న ప్యాచ్ మీద, పాత దానికంటే పెద్దగా వచ్చింది. ఆ నాలుగు నెలలూ లోపల అరుగుతున్నది అరుగుతూనే ఉంది, డ్యాంపర్ దాన్ని నా చేతికి తెలియనివ్వలేదంతే. డ్యాంపర్ చెడ్డ వస్తువని నేననను. ఆ పని దాన్ని అడగకూడదు.

చివరికి నెల్లూరు ఆటోనగర్‌లో పాత జీపులు చేసే ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన మొదట చేసిన పని ఆ కొత్త డ్యాంపర్‌ను ఒక వైపు విప్పి వేలాడదీయడం. "ఇది ఉండగా ఏమీ కనపడదు అబ్బాయా" అన్నాడు. చక్రాలు నేల మీదే ఉంచి, మా పిల్లవాణ్ణి సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్‌ను అటు కొంచెం, ఇటు కొంచెం, ఆపకుండా తిప్పుతుండమన్నాడు. ఆయన కింద పడుకుని ఒక్కో జాయింటు మీద వేళ్ళు పెట్టి చూశాడు. స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల వైపు పోయే డ్రాగ్ లింకు, టై రాడ్ ఎండ్లు, స్టీరింగ్ బాక్సును ఛాసిస్‌కు పట్టే బోల్టులు, కమాను కట్టల బుష్షులు, యాక్సిల్‌ను కమానుకు బిగించే యూ బోల్టులు. నన్నూ పిలిచి నా వేలు పెట్టించాడు. కంటికి ఏమీ కదలని టై రాడ్ ఎండ్ వేలికి టిక్కుటిక్కుమని తెలిసింది. వేలికి తెలిసేది కంటికి తెలియదని నాకు ఆ రోజు అర్థమైంది.

తర్వాత జాకీ ఎత్తి, చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపాడు. ఎడమ చక్రం ఆడింది. అది వీల్ బేరింగ్ వల్లనా, కింగ్ పిన్ వల్లనా? ఈ ఒక్కటి తెలుసుకుంటే ఎవరైనా సగం ఖర్చు తప్పించుకోవచ్చు కాబట్టి వివరంగా చెప్తాను. లోపల ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. అప్పుడు చక్రం, దాన్ని మోస్తూ కింగ్ పిన్ మీద తిరిగే నకిల్ ఒకటే ముక్కలాగా అయిపోతాయి. బ్రేకు తొక్కగానే ప్లే, అంటే ఆ లూజు, పోతే తప్పు వీల్ బేరింగ్‌ది. తొక్కినా ఆడుతూనే ఉంటే కింగ్ పిన్‌ది. మాది తొక్కినా ఆడింది. నాలుగు నెలలుగా తిరిగిన ఏ షాపులోనూ ఈ రెండు నిమిషాల పని ఎవరూ చేయలేదు.

విప్పినాక చూసింది మర్చిపోలేను. నకిల్ వెనక ఆయిల్ సీలు చిరిగి ఉంది. నేను మడి గట్ల మీద, దమ్ము చేసిన పొలాల్లో దింపిన ప్రతిసారీ బురద నీళ్ళు లోపలికి పోయాయి. గ్రీజు ఉండాల్సిన చోట ఇటుకపొడి కలిపినట్టు ఎర్రటి ముద్ద వచ్చింది. బేరింగ్ కప్పును గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. లోపలి అంచు చుట్టూ రోలర్లు నొక్కుకుపోయిన గీతలు, దువ్వెన పళ్ళలాగా వరసగా ఉన్నాయి. గోరుతో గీకితే ఒక్కో గీతా తగులుతోంది. స్టీరింగ్ నడిమధ్యన ఏదో పట్టినట్టు, వదిలినట్టు ఉండేది ఇందుకేనని అప్పుడు తెలిసింది.

రెండు వైపులా పైనా కిందా కలిపి నాలుగు బేరింగులు, కొత్త సీళ్ళు, రెండు టై రాడ్ ఎండ్లు తెచ్చాం. బేరింగులు కొట్టి ఎక్కించడం ఎవరైనా చేస్తారు. అసలు పని బిగువు సరిచేయడంలో ఉంది. కింగ్ పిన్ కింద పెట్టే పల్చటి షిమ్ములు తీసేకొద్దీ బిగువు పెరుగుతుంది. తక్కువైతే మళ్ళీ వణుకు, ఎక్కువైతే స్టీరింగ్ బరువెక్కి మలుపు తర్వాత తనంతట తాను వెనక్కి రాదు. దీన్ని కొలవడానికి స్ప్రింగు కాటా కావాలి. నేను తోటలో కాయలు తూచే కొక్కెం కాటా తెచ్చిచ్చాను. టై రాడ్ తగిలించే రంధ్రంలో కొక్కెం వేసి మెల్లగా లాగి, నకిల్ ఏ బరువు దగ్గర కదలడం మొదలుపెడుతుందో చూశాడు. ఒక షిమ్ము తీయడం, బిగించడం, మళ్ళీ లాగడం. మాన్యువల్‌లో ఉన్న లెక్కకు రెండు వైపులూ వచ్చేసరికి మధ్యాహ్నం పోయి సాయంత్రం అయింది. సీలు వేయకముందే ఈ కొలత తీసుకోవాలి, సీలు పట్టు కూడా కలిస్తే లెక్క తప్పుతుంది.

ఇంకో తప్పు నాది. 2019లో ఎత్తు కోసం ముందు కమాన్లకు పొడవాటి షాకిల్స్ (కమాను కొసను ఛాసిస్‌కు కలిపే పట్టీలు) వేయించాను, టైర్లు కూడా పెద్దవి ఎక్కించాను. షాకిల్ పొడవు పెరిగితే యాక్సిల్ కొంచెం ముందుకు తిరిగి క్యాస్టర్, అంటే కింగ్ పిన్ వెనక్కి వాలి ఉండే కోణం, తగ్గిపోతుంది. చక్రాన్ని తిన్నటి దారిలో పట్టి ఉంచేది ఆ క్యాస్టరే. ఉత్త టో (రెండు ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న తేడా) చూసి పంపేసే అలైన్‌మెంట్‌లో ఇది బయటపడదు. యాక్సిల్‌కూ కమానుకూ మధ్య ఒక వైపు పల్చగా ఉండే ప్లేట్లు వేసి సరిచేసే పద్ధతి ఉంది. నేను మాత్రం షాకిల్స్ తీసేయించి పాతవే పెట్టించాను. ఒక అంగుళం పోయింది. చేజర్ల వైపు ఒక తోటలో రెండుసార్లు గట్టు అడుగున తగిలింది. ఆ అంగుళం పోయినందుకు నాకు బాధ లేదు.

నాలుగేళ్ళ లెక్క ఇది. ఆ వణుకు ఒక్కసారి కూడా రాలేదు. అదే పెన్నా వంతెన మీద, అదే అతుకుల మీద, 80లో కూడా. మొదటి ఆరు నెలలు ఆ అతుకు దగ్గరికి రాగానే టెన్షన్‌తో స్టీరింగ్ బిగించి పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు గుర్తు కూడా రాదు. మొదటి 1,000 కిలోమీటర్ల తర్వాత కింగ్ పిన్ బోల్టులు, యూ బోల్టులు మళ్ళీ బిగించాం. యూ బోల్టులు నిజంగానే పావు చుట్టు తీసుకున్నాయి, అది వదిలేసి ఉంటే ఏమయ్యేదో. మధ్యలో ఒక టై రాడ్ ఎండ్ 22,000 దగ్గర పోయింది. రబ్బరు బూటు చిరిగి మట్టి చేరింది. వేలితో చూసే అలవాటు వల్ల వణుకు రాకముందే దొరికింది. నాలుగు నెలలకొకసారి ఆదివారం పొద్దున పిల్లవాడు స్టీరింగ్ తిప్పుతాడు, నేను కింద పడుకుంటాను.

ఆ ఖరీదైన గ్యాస్ డ్యాంపర్ తిరిగి వేయలేదు. మామూలుదే పెట్టాను. దాన్ని కూడా ఏడాదికోసారి విప్పి, అది లేకుండా తోట దారిలో 40 దాకా నడిపి చూస్తాను. డ్యాంపర్ లేకపోయినా స్టీరింగ్ నిమ్మళంగా ఉంటే లోపల అంతా సరిగా ఉన్నట్టు.

పోయిన నెల కుడి వైపు సీలు దగ్గర సన్నగా గ్రీజు తడి కనిపించింది. ప్లే ఏమీ లేదు, బ్రేకు తొక్కి, తొక్కకుండా రెండు విధాలా చూశాను. అయినా వర్షాలు పడి పొలాల్లోకి దింపే లోపే ఆ ఒక్క సీలు మార్చేయమని మేస్త్రికి చెప్పి వచ్చాను. కాటా కూడా తీసుకురమ్మన్నాడు.