కృష్ణమ్మకు నీళ్లెలా వదలాలి: లైనింగా, మినుమా, కోటానా?

ఎండాకాలంలో ప్రకాశం బ్యారేజీ కింద కనిపించేది ఎక్కువగా ఇసుకే. నది వెనక్కి తగ్గితే సముద్రం ముందుకొస్తుంది. నాగాయలంక, కోడూరు వైపు బోరు వేస్తే ఉప్పునీళ్లు పడటం వింతేమీ కాదు. నదికి కొంత వదలాలని అందరూ ఒప్పుకుంటారు. ఎవరి వాటాలోంచి అన్నదగ్గరే తగువు.

నీరు ఇంకిపోకుండా కాలువలకు కాంక్రీటు పోసే లైనింగ్ అంటే ఎవరికీ నొప్పి ఉండదు, ఎవరి వాటా ముట్టుకోనక్కర్లేదు. (కాంట్రాక్టర్లకు మరీ ఇష్టం.) శివారు భూములకు నీళ్లు త్వరగా అందుతాయి, నిజమే. కానీ సముద్రం దగ్గరి ఊళ్లలో భూమిలోని ఉప్పునీటి మీద పలచని మంచినీటి పొర ఉంటుంది. కాలువలోంచి ఇంకే నీరు దానికి ఆసరా. అక్కడ కాంక్రీటు పోసి 'ఆదా' అని రాసుకుంటే, గట్టు పక్క చేతిపంపు ఉప్పెక్కుతుంది.

దాళ్వాలో, అంటే రెండో పంటగా, వరి మాని మినుము వేయడం ఇంతకంటే నయం. డెల్టా రైతుకు ఇది కొత్త విద్య కాదు. సార్వా (మొదటి పంట) వరి కోతకు కొద్దిరోజుల ముందే చేలో మినుము చల్లేస్తారు, నేలలో మిగిలిన పదునుతోనే పంట చేతికొస్తుంది. కాలువ నీటితో పెద్దగా పనిలేదు. చిక్కల్లా మిషన్ కోతకు మొలకలు నలిగిపోవడం, పల్లాకు తెగులు, ధర టెన్షన్.

అయితే మిగిలిన నీరు నదికి చేరుతుందా? గోదావరి మీది పట్టిసీమ ఎత్తిపోతల పథకాన్నే చూడండి. 2015 నుంచి గోదావరి నీళ్లు బ్యారేజీకి వస్తున్నాయి. ఆ మేరకు శ్రీశైలంలో మిగిలే కృష్ణా నీళ్లు రాయలసీమకన్నారు. పోలవరం నుంచి కృష్ణాకు మళ్లించే 80 టీఎంసీల్లో ఎగువ రాష్ట్రాలకూ వాటా ఉందని, నదీజలాలు రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ముందే తేల్చింది. సీమకు ఇవ్వడం న్యాయమే. కానీ ఆ లెక్కలో నది పేరే లేదు. రేపు మినుముతో మిగిలేదీ అంతే, ఇంకో ఆయకట్టుకు పోతుంది.

అందుకే నా ఓటు ముందు కోటాకు, అంటే నదికంటూ విడిగా రాసిపెట్టే వాటాకు. బచావత్ తర్వాత కృష్ణా జలాల పంపకం చూసిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో నదిలో కనీస ప్రవాహానికి 16 టీఎంసీలు కేటాయించింది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పేరిట 6. బచావత్ డెల్టాకు ఇచ్చిన 181.2 టీఎంసీలతో పోలిస్తే నూటికి మూడు పాళ్లు. ఆ తీర్పు సుప్రీంకోర్టు వ్యాజ్యాల్లో చిక్కుకుని అమల్లోకి రాలేదు.

ఆస్ట్రేలియాలో ముర్రే-డార్లింగ్ నదుల కోసం ప్రభుత్వం రైతుల నీటి హక్కులు డబ్బిచ్చి కొన్నది. కాలువలూ పొలాలూ ఆధునికీకరించి నీరు మిగల్చడం కంటే అదే చవకగా తేలింది. ఊళ్లు దెబ్బతింటాయని రైతులు ఎదురుతిరిగారు కూడా. మన దగ్గర ఆ దారి లేదు, రైతు వాటా ఆయకట్టును అంటిపెట్టుకుని ఉంటుంది గానీ అమ్ముకునేది కాదు.

కాబట్టి మొదట నదికి కోటా రాయాలి. దాళ్వా మానిన రైతుకు మినుము కొనుగోలు హామీ ఇచ్చి ఆ కోటా పూడ్చాలి. లైనింగ్ శివారుకు నీరందని కాలువలకే చాలు. కోటా కూడా వరదల్లో వదిలి చేతులు దులుపుకుంటే కుదరదు. ఫిబ్రవరి నుంచి మే దాకా వదలాలి, కాలువల నీటి లెక్క పక్కనే నది లెక్కా రోజూ రాయాలి.