రయట్ గర్ల్ టీషర్ట్: బట్ట ఓకే, మిగతాదే తేడా

ఆన్‌లైన్‌లో ఒక బట్టల కంపెనీ అమ్ముతున్న నల్ల టీషర్ట్ ఇది. ముందు భాగంలో మసకబారిన జిరాక్స్ కాపీలా 'రయట్ గర్ల్' అని ఉంటుంది. పంక్ రాక్ సంగీతంలో అమ్మాయిలు నడిపిన స్త్రీవాద ఉద్యమం పేరది. బట్ట మందంగా బాగానే ఉంది, కానీ ఉతకగానే అక్షరాలు పెచ్చులు లేచాయి. ఆ జిరాక్స్ మరకలు కూడా కంప్యూటర్‌లో గీసి అచ్చేసినవే, నాకు నవ్వొచ్చింది.

ఎందుకంటే 1991 ప్రాంతంలో అమెరికాలోని ఒలింపియాలో బికినీ కిల్, బ్రాట్‌మొబైల్ బ్యాండ్ల అమ్మాయిలు కత్తెర, జిగురు, జిరాక్స్ మెషీన్‌తో సొంతంగా చిన్న పత్రికలు చేసుకుని, లైంగిక హింస లాంటి ఎవరూ నోరెత్తని విషయాలు వాటిలో రాసి చేతుల మీదుగా పంచేవాళ్లు. కచేరీల్లో మగాళ్ల తోపులాటకు అమ్మాయిలు వెనక్కి పోతుంటే బికినీ కిల్ గాయని క్యాథలీన్ హానా స్టేజీ మీంచే వాళ్లను ముందుకు రమ్మనేది. (ఉద్యమంలో తెల్లమ్మాయిలదే పెత్తనం అన్న విమర్శ అప్పుడే ఉంది, అది నిజమే.) 'గర్ల్ పవర్' అని బికినీ కిల్ తన పత్రిక మీద వేసుకుంటే, 1997కల్లా బ్రిటిష్ పాప్ బృందం స్పైస్ గర్ల్స్ పుణ్యమా అని ఆ మాట చిప్స్ ప్యాకెట్ల దాకా పోయింది.

అలాగని అమ్మడమే తప్పు అనను. బికినీ కిల్ 2019లో మళ్లీ కలిసి టికెట్లు పెట్టే కచేరీలు చేసింది, హానా కూడా టీషర్ట్‌లు అమ్మి ఆఫ్రికాలోని టోగోలో ఆడపిల్లల చదువుకు డబ్బు పంపింది. ఈ లేబుల్ మీద మాత్రం ఏ బ్యాండ్ పేరూ లేదు, ఎక్కడ కుట్టారో లేదు, పైగా ఎల్ దాటితే సైజే లేదు!

రిటర్న్ పెట్టాను, డబ్బులు ఇంకా పడలేదు.