బ్లాకులు కరిగించే డ్రాప్స్ అని అమ్ముతున్నారు, దయచేసి కొనకండి

ఫ్రెండ్స్, గుండె రక్తనాళాలు క్లీన్ చేస్తాయంటూ ఆన్‌లైన్‌లో డ్రాప్స్ అమ్ముతున్నారు, ఇంట్లో స్టెంట్ వేయించుకున్న పెద్దవాళ్ళుంటే వాళ్ళకి ఇది తప్పకుండా చూపించండి. మా బాబాయి కోర్సు మొత్తం తెప్పించుకున్నాడు. ఫోన్‌లో ఆ కంపెనీ అమ్మాయి "ఇది ఇమ్యూనిటీ పెంచుతుంది సార్, మీ తెల్లకణాలే కొలెస్ట్రాల్‌ని తినేస్తాయి, ఇంక స్టాటిన్ అక్కర్లేదు" అందట, ఆయన కొలెస్ట్రాల్ తగ్గడానికి వాడే స్టాటిన్ మందు, అటోర్వాస్టాటిన్, ఆపేశాడు. తర్వాత టెస్ట్ చేయిస్తే ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, బాగా పెరిగిపోయి ఉంది.

ఆ మాటలో కాస్త నిజం కలిసుంది, అందుకే జనం నమ్మేస్తున్నారు. నాళం గోడలో ఇరుక్కుని పాడైన ఎల్‌డీఎల్‌ని మాక్రోఫేజ్‌లనే తెల్లకణాలు తినేమాట నిజమే, కానీ కొలెస్ట్రాల్‌ని అరిగించుకోవడం వాటి వల్ల కాదు, రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసుకెళ్ళే హెచ్‌డీఎల్‌కి అప్పగించి లివర్‌కి పంపాల్సిందే, పంపేదానికన్నా తినేది ఎక్కువైతే కొవ్వుతో ఉబ్బిపోయి ఫోమ్ సెల్స్‌గా మారి అక్కడే చచ్చి పేరుకుంటాయి. బ్లాకు తయారయ్యేదే ఇలా! పైగా లోపల కొలెస్ట్రాల్ స్ఫటికాలు కడితే ఆ కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ఇమ్యూనిటీ సిగ్నల్ వదుల్తాయి, దాంతో ఇంకా తెల్లకణాలు వచ్చి చేరి ఇన్‌ఫ్లమేషన్ (వాపు) పెరుగుతుంది, ఆ పేరుకున్న ప్లాక్ మీద పొర పల్చబడి చిట్లిందంటే రక్తం గడ్డకట్టి హార్ట్ ఎటాకే.

2017లో వచ్చిన కాంటోస్ ట్రయల్ చూడండి. అంతకుముందు హార్ట్ ఎటాక్ వచ్చిన పదివేల మందికి పైగా పేషెంట్లు, చాలామంది స్టాటిన్ వాడుతున్నవాళ్ళే, వాళ్ళల్లో కొందరికి ఆ ఇంటర్‌ల్యూకిన్‌ని అడ్డుకునే కనాకినుమాబ్ ఇంజెక్షన్ ఇస్తే ఎల్‌డీఎల్ తగ్గకపోయినా 150 మిల్లీగ్రాముల డోసులో గుండెపోటు, స్ట్రోక్, గుండె జబ్బు మరణాలు కలిపి 15 శాతం దాకా తగ్గాయి. కానీ ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. అంటే అక్కడ పనిచేసింది ఇమ్యూనిటీలో ఒక భాగాన్ని అణచడం, వీళ్ళేమో పెంచుతామంటున్నారు, అది కూడా చుక్కల మందుతో!

సీసా తీసి చూశా, మూలికల పేర్లున్నాయి గానీ ఏది ఎంతుందో లేదు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "ఏ జబ్బునీ నయం చేయడానికి ఉద్దేశించినది కాదు" అని ఉంది. రిఫండ్ అడిగితే సీల్ తీశారు కాబట్టి కుదరదన్నారు, ఆ తర్వాత ఫోనే ఎత్తట్లేదు.

గుండె జబ్బు నయం చేస్తామని మందుకి యాడ్ ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ఇప్పటికే కొనేసినవాళ్ళు బిల్లు, లేబుల్, యాడ్ స్క్రీన్‌షాట్ దాచుకుని 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి కాల్ చేయండి, మేమూ చేశాం. స్టాటిన్ ఆపేసి ఉంటే మాత్రం ముందు మీ కార్డియాలజిస్ట్‌తో మాట్లాడండి, కంప్లైంట్ తర్వాతైనా ఇవ్వొచ్చు.