ఉప్పునీళ్ళలో 9 వెయిట్ ఫ్లై సెట్టు: ఏది నిలిచింది, ఏది అరిగింది

తిరుపతిలో ఉంటూ ఉప్పునీటి ఫ్లై ఫిషింగ్ (ఈకలు, వెంట్రుకలు కట్టిన కొక్కేన్ని, అంటే ఫ్లైని, బరువైన లైన్‌తో విసిరి చేప పట్టడం) ఏంటని ఇప్పటికీ అడుగుతుంటారు. చీకటితోనే కారెక్కితే శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వాకాడు వైపు తీరం ఎండెక్కేలోపే వచ్చేస్తుంది. మన ఊరి పక్కన ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగా కనిపించే స్వర్ణముఖి ఆ వైపే సముద్రంలో కలుస్తుంది. అలా నీళ్ళు సముద్రంలో కలిసే మొగల దగ్గర పార, తోలుపార, మాగ దొరుకుతాయి, రాసిపెట్టి ఉంటే పండుగప్ప కూడా. పులికాట్ ఇంకా దగ్గర కదా అనకండి. అది పక్షుల అభయారణ్యం, పక్కనే షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) భద్రతా పరిధి. అటు రాడ్ పట్టుకుని వెళ్ళే పని పెట్టుకోవద్దు.

మా జట్టు కొన్నేళ్ళుగా వాడుతున్న సెట్టు ఇది: నాలుగు ముక్కల 9 అడుగుల 9 వెయిట్ రాడ్ (వెయిట్ అంటే లైన్ బరువుని చెప్పే నంబరు), సీల్డ్ డ్రాగ్ (నీళ్ళు చొరకుండా మూసిన బ్రేకు) ఉన్న లార్జ్ ఆర్బర్ (ఇరుసు లావుగా ఉండే) రీల్, వేడికి తట్టుకుని నీళ్ళ మీద తేలే ట్రాపికల్ ఫ్లోటింగ్ లైన్, లైన్ వెనక చుట్టే 30 పౌండ్ల డేక్రాన్ (పాలిస్టర్ అల్లిక దారం) బ్యాకింగ్ 200 గజాలు. ఒక్కొక్కరిది ఒక్కో కంపెనీ. అందుకే పేర్లు వదిలేసి భాగాల గురించే రాస్తున్నాం. ఒకటి మాత్రం ముందే చెప్పాలి. బడ్జెట్ బిగువుగా ఉంటే రాడ్ దగ్గర తగ్గించుకోండి, రీల్ దగ్గర, లైన్ దగ్గర తగ్గించకండి.

ప్రమాణం ప్రకారం 9 వెయిట్ లైన్ మొదటి 30 అడుగులు 240 గ్రెయిన్లు తూగాలి, అంటే పదిహేనున్నర గ్రాములు. 8 వెయిట్ 210, 10 వెయిట్ 280. ఎనిమిదితో తోలుపారని ఒడ్డుకు తేవచ్చు గానీ, సముద్రపు గాలి మొదలయ్యాక సీసం కళ్ళున్న ఫ్లై ముందుకు పోదు. పది వాడితే మధ్యాహ్నానికి భుజం పట్టేస్తుంది. మధ్యరకం ధర రాడ్‌కీ, దానికి మూడింతల ధర పెట్టిన రాడ్‌కీ చేప పడ్డాక మాకు తేడా కనిపించలేదు. విసరడంలో కొద్దిగా ఉంది, ఒప్పుకుంటాం.

రాడ్‌లు చేప బరువుకి విరిగేది తక్కువ. కారు తలుపు, సీలింగ్ ఫ్యాను, వదులైన జాయింట్లు, ఇవే అసలు శత్రువులు. విసిరే కొద్దీ జాయింట్ మెల్లగా తిరిగి పైకి జారుతుంది. చూసుకోకుండా ఇంకో గట్టి విసురు వేశారా, అక్కడ చీలుతుంది. మామూలు కొవ్వొత్తి మైనం పలచగా రాసి, గంటకోసారి చేత్తో నొక్కి చూస్తే చాలు. ఇంకోటి కంటికి కనబడదు. గాలికి క్లౌజర్ అనే సీసం కళ్ళ ఫ్లై తిరిగొచ్చి రాడ్‌కి తగిలితే సీసం కన్ను కార్బన్ మీద సన్నటి గాటు పెడుతుంది. ఆ రోజు ఏమీ కాదు. తర్వాత ఎప్పుడో చిన్న చేపకే టప్పున విరుగుతుంది, మనం కంపెనీని తిడతాం. చేపతో పోరాడేటప్పుడు రాడ్‌ని 45 డిగ్రీలకి మించి పైకెత్తకూడదు. ఎత్తితే బరువంతా చివరి ముక్క మీద పడుతుంది.

ఇక రీల్. చలి దేశాల నదుల్లో పట్టే ట్రౌట్ చేపలకి రీల్ అంటే లైన్ చుట్టిపెట్టుకునే డబ్బా. పారకి అది బ్రేకు. మా దగ్గర సీల్డ్ డ్రాగ్ రీళ్ళన్నీ ఇంకా మెత్తగా తిరుగుతున్నాయి. చవగ్గా వచ్చిందని కొన్న ఓపెన్ డ్రాగ్ రీల్ మాత్రం ఉప్పు లోపలికి పోయి పట్టి పట్టి వదులుతోంది. చేప పరుగు అందుకునే క్షణంలో ఆ కుదుపుకే లీడర్ (లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే సన్న దారం) తెగుతుంది. డ్రాగ్‌ని చేత్తో లాగి అంచనా వేయకండి. సూట్‌కేసులు తూచే చేతి కాటా లీడర్‌కి కట్టి లాగండి. 20 పౌండ్ల టిప్పెట్ (లీడర్‌లో చివరి సన్న ముక్క) అంటే 9 కిలోలు, అందులో నాలుగో వంతు, అంటే రెండుంపావు కిలోల దగ్గర డ్రాగ్ జారాలి. చేప బ్యాకింగ్‌లోకి లాక్కెళ్ళేటప్పుడు అందరి చెయ్యీ డ్రాగ్ బిగించడానికే పోతుంది. చేయాల్సింది దానికి ఉల్టా. స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టే చక్రం) మీద చుట్ట వ్యాసం సగానికి తగ్గితే అదే సెట్టింగ్ రెట్టింపు బిగువుగా పనిచేస్తుంది, పైగా నీళ్ళలో ఉన్న లైన్ ఈడుపు వేరు. ఆ టైములో కాస్త వదులు చేయాలి.

బ్యాకింగ్ చుట్టడం ఇద్దరి పని. ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని వదులుగా చుట్టిన బ్యాకింగ్ చేప లాగితే కింది పొరల్లోకి దిగి ఇరుక్కుంటుంది. మేమెలా చేస్తామంటే, ఒకరు తడి గుడ్డతో దారాన్ని గట్టిగా నొక్కి పట్టుకుని ఎదురుగా నిలబడతారు, ఇంకొకరు స్పూల్ మీద అటూ ఇటూ జరుపుతూ చుడతారు. వేలితో నొక్కితే చుట్ట లోపలికి దిగకూడదు. జెల్‌స్పన్ అనే ఇంకో రకం బ్యాకింగ్ సన్నగా ఉండి ఎక్కువ పడుతుంది గానీ, పరుగెత్తేటప్పుడు వేలు తగిలితే బ్లేడులా కోస్తుంది. 9 వెయిట్‌కి డేక్రాన్ చాలు.

అన్నిటికన్నా త్వరగా పోయేది లైన్. చలి దేశాల ట్రౌట్ లైన్ మన వేడికి మెత్తబడి, గైడ్లలో (రాడ్ మీది రింగుల్లో) అంటుకుని, ముద్దలా పడుతుంది. ట్రాపికల్ లైన్ తప్పదు. అది కూడా ఇసుకకి, దోమల మందుకి ఓడిపోతుంది. దోమల మందులోని డీట్ పూతని కరిగిస్తుంది, రాసుకున్నాక చేతులు కడుక్కోకుండా లైన్ ముట్టొద్దు. ఎండలో ఆపిన కారులో రీల్ వదిలెయ్యొద్దు. విసరడం ప్రాక్టీసుకి స్వర్ణముఖి ఇసుక బాగానే ఉంటుంది, కానీ పాత లైన్ వాడండి.

ఒడ్డున లైన్ కాళ్ళ దగ్గర పడితే అల లాక్కెళ్ళి చుట్టేస్తుంది. దీనికి స్ట్రిప్పింగ్ బాస్కెట్ (లాగిన లైన్ పడేలా నడుముకి కట్టుకునే బుట్ట) కొనక్కర్లేదు. పాత్రల కొట్లో దొరికే పొడవాటి ప్లాస్టిక్ టబ్బు చాలు. అడుగున పది పన్నెండు చిల్లులు పెట్టి, కొన్నింటిలో నుంచి జిప్ టైలు దూర్చి, మూడంగుళాలు పైకి నిలబడేలా కోసి, బెల్టుతో నడుముకి కట్టండి. మిగతా చిల్లుల నుంచి నీళ్ళు పోతాయి, టైల మధ్య లైన్ చుట్టలు కలవవు. మొత్తం సెట్టులో ఇచ్చిన డబ్బుకి ఇంత పనిచేసిన వస్తువు ఇంకోటి లేదు.

లీడర్ 9 అడుగులు: వరుసగా 50, 30, 20 పౌండ్ల ముక్కలు. పండుగప్ప ఉండే చోట చివర ఒకటిన్నర అడుగు 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం కలపాలి, దాని మొప్ప అంచు కత్తే. ఫ్లైలు 1/0, 2/0 సైజు కొక్కేల మీద కట్టిన క్లౌజర్, డిసీవర్ రకాలు. జింక వెంట్రుకల బదులు మేక వెంట్రుకలు, పుంజు మెడ ఈకలు వాడుతున్నాం, చేపలకి అభ్యంతరం కనిపించలేదు. చేప కొట్టగానే రాడ్ ఎత్తకుండా ఎడమ చేత్తో లైన్‌ని గట్టిగా లాగాలి. తోలుపారని విడిపించేటప్పుడు రెక్కల ముళ్ళు జాగ్రత్త, వాటిలో విషం ఉంటుంది.

మన తీరం తూర్పు ముఖం. పొద్దున నేల గాలి వీపు వెనక నుంచి తోస్తుంది, ఫ్లై హాయిగా పోతుంది. పది దాటాక గాలి మొహానికి కొడుతుంది. పాటు మొదలైనప్పుడు మొగ నుంచి చిన్న చేపలు బయటికి వస్తాయి, పారలు అక్కడ కాపు కాస్తాయి. ఆ ఈడుపు మనుషుల్ని కూడా లాగుతుంది, మోకాలు దాటి దిగొద్దు. టేకు చేపల మీద కాలు పడకుండా పాదాలు ఈడ్చుకుంటూ నడవండి. మనిషికీ మనిషికీ పాతిక మీటర్లు ఉండాలి. కుడిచేతి వాళ్ళకి గాలి కుడి నుంచి వస్తుంటే కొక్కెం చెవి పక్కనుంచే పోతుంది. అప్పుడు సముద్రానికి వీపు పెట్టి వెనక విసురుతోనే ఫ్లై వదలాలి.

ఇంటికొచ్చాక స్పూల్ ఊడదీసి, రీల్‌నీ లైన్‌నీ బకెట్ నీళ్ళలో అరగంట నానబెట్టండి. పైపుతో గట్టిగా కొడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. స్క్రూల చుట్టూ, గైడ్ల కాళ్ళ దగ్గర పాత బ్రష్‌తో రుద్దాలి. స్టీలు స్క్రూ అల్యూమినియాన్ని తాకే చోటే తెల్లపొడి ముందు కనబడుతుంది. డేక్రాన్ అల్లికలో ఉప్పు ఉండిపోతుంది, తడిసినంత మేరా విప్పి కడగాలి. నీడలో ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి పెట్టండి. తడి ఫ్లైని డబ్బాలో పెడితే తెల్లారేసరికి మిగతావాటికీ తుప్పు.

అండమాన్‌లో పెద్ద పారల కోసం వెళ్ళే వాళ్ళు ఈ సెట్టు మీద ఆశ పెట్టుకోవద్దు. అక్కడ 12 వెయిట్, 6/0 కొక్కెం, ముక్కలు కట్టకుండా నేరుగా 80 నుంచి 100 పౌండ్ల లీడర్ కావాలి, ఎందుకంటే చేపని పగడపు దిబ్బ చేరేలోపే ఆపాలి. నలుగురు వెళ్తే రెండు సెట్లు చాలు. పడవలో ఒకసారికి ఒకరే విసరగలరు, ఎక్కువైతే ఇద్దరు.