మర్చిపోయిన పీఎఫ్ నంబరు: మిస్డ్ కాల్ నుంచి మర్రిపాలెం దాకా

గాజువాకలోనో పరవాడలోనో కొత్త పనిలో చేరిన రోజున హెచ్‌ఆర్ వాళ్ళు పీఎఫ్ వివరాలు రాసిచ్చే ఫారం 11 చేతిలో పెడతారు. పాత యూఏఎన్ (పీఎఫ్‌లో మనిషికి ఒకటే ఉండే నంబరు) రాయమనే గడి దగ్గర చాలామంది పెన్ను ఆగిపోతుంది. ఖాళీగా వదిలేస్తే ఆ పూటకి పని జరిగిపోతుంది. దాని ఫలితం నాలుగేళ్ళ తర్వాత, డబ్బు తీసుకుందామని క్లెయిమ్ పెట్టిన రోజున బయటపడుతుంది. అందుకే మర్చిపోయిన యూఏఎన్‌ని తిరిగి రాబట్టడానికి పీఎఫ్ నడిపే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్ఓ పెట్టిన దారుల్లో విశాఖ చుట్టుపక్కల పనిచేసేవాళ్ళకి ఏది అక్కరకొస్తుందో, ఏది ఎక్కడ మొరాయిస్తుందో ఈ రివ్యూలో చూద్దాం.

ముందు పోయింది ఏ నంబరో తేల్చుకోవాలి. యూఏఎన్ 2014 అక్టోబరులో వచ్చింది. కంపెనీలు ఎన్ని మారినా మనిషికి ఒకటే ఉండాలన్నది దాని ఉద్దేశం. మెంబర్ ఐడీ అలా కాదు, చేరిన ప్రతిచోటా కొత్తది పుడుతుంది. అది 22 అక్షరాల పొడుగు ఉంటుంది. మొదట ఐదు ఇంగ్లీషు అక్షరాలు, అందులో రెండు ప్రాంతానికి, మూడు ఆఫీసుకి. తర్వాత కంపెనీ కోడు 7 అంకెలు, ఎక్స్‌టెన్షన్ 3, చివర మన ఖాతా 7. అక్షరాలతో మొదలైతే మెంబర్ ఐడీ, వట్టి 12 అంకెలే అయితే యూఏఎన్. ఆధార్‌కీ 12 అంకెలే కదా అని దాన్నే ఈ గడిలో రాసేవాళ్ళూ ఉన్నారు. తేడా మొదటి అంకెలోనే దొరుకుతుంది. ఆధార్ ఎప్పుడూ 0తో గానీ 1తో గానీ మొదలవదు, మనకి తగిలే యూఏఎన్‌లు చాలావరకు 10తోనే మొదలవుతాయి.

అన్నిటికన్నా తేలికది మిస్డ్ కాల్. పీఎఫ్‌లో ఇచ్చిన మొబైల్ నుంచి 9966044425కి ఫోన్ చేస్తే రెండు రింగులకి దానంతట అదే కట్టయిపోతుంది. ఎవరైనా ఎత్తుతారేమోనని చూడక్కర్లేదు. కాసేపట్లో యూఏఎన్‌తో మెసేజీ వస్తుంది, పైసా ఖర్చు లేదు, బటన్ల ఫోన్‌తోనూ పనవుతుంది. కాకపోతే మూడు షరతులున్నాయి. ఆ సిమ్ పీఎఫ్ రికార్డులో ఉన్నదే అయుండాలి. యూఏఎన్ యాక్టివేట్ అయుండాలి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, ఈ మూడింట్లో ఒకటైనా జతపడి ఉండాలి. మెసేజీ రాకపోతే యూఏఎన్ లేదని కాదు, ఈ మూడింట్లో ఏదో తప్పిందని అర్థం. రెండు సిమ్‌ల ఫోన్‌లో కాల్ వేరే సిమ్ నుంచి వెళ్ళిపోవడం కూడా మామూలే. డయల్ చేసేముందు అదొక్కటీ చూసుకోండి.

ఎస్ఎమ్ఎస్ దారి దీనికి తోబుట్టువు, కానీ వాడేవాళ్ళు తక్కువ. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఈ-పీ-ఎఫ్-ఓ-హెచ్-ఓ అని కొట్టి, ఖాళీ వదిలి యూ-ఏ-ఎన్, మళ్ళీ ఖాళీ వదిలి టీ-ఈ-ఎల్ అని రాసి 7738299899కి పంపాలి. చివరి మూడు అక్షరాలు తెలుగు కోసం. అవి ఉంటే జవాబు తెలుగులో అడిగినట్టు లెక్క. యూ-ఏ-ఎన్ అన్న అక్షరాల్ని అలాగే ఉంచాలి, వాటి చోట నంబరు వేయకూడదు. నంబరే తెలిస్తే ఈ మెసేజీ దేనికి! ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్ నుంచి చేయించడానికి ఇంతకంటే హాయైన దారి లేదు. షరతులు మాత్రం మిస్డ్ కాల్‌వే.

సిమ్ మారిపోయినవాళ్ళకి ఈ రెండు దారులూ మూసుకున్నట్టే. కాంట్రాక్టు పనుల్లో ఇంకో చిక్కుంది. చేర్చుకునేటప్పుడు సూపర్‌వైజరు తన ఫోన్ నంబరే అందరికీ రాసేస్తాడు. అలాంటప్పుడు మనం ఎన్ని మిస్డ్ కాల్స్ ఇచ్చినా ఒరిగేదేమీ ఉండదు.

తర్వాతది ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లోని మెంబర్ పోర్టల్. లాగిన్ అవసరం లేదు. పేజీ కింద ముఖ్యమైన లింకుల దగ్గర నో యువర్ యూఏఎన్ అని ఉంటుంది. అందులో మొబైల్ నంబరు, కాప్చా కొట్టాలి. ఓటీపీ వచ్చాక పేరు, పుట్టినతేదీ నింపి ఆధార్, పాన్, మెంబర్ ఐడీల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. షో మై యూఏఎన్ నొక్కితే నంబరు కనిపిస్తుంది. అన్నీ సరిపోతే ఐదు నిమిషాల పని. ఉత్తరాంధ్ర పేర్ల దగ్గరికొచ్చేసరికి అన్నీ సరిపోవడమే కష్టం.

అప్పలనాయుడు అన్న పేరునే తీసుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుండి, అప్పల ఒక ముక్క, నాయుడు ఒక ముక్కగా ఉంటుంది. పీఎఫ్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై, మిగతాదంతా కలిసిపోయి ఉంటుంది. పైడితల్లి అయితే మొదటి అక్షరం దగ్గర ఒకచోట పీ-వై, ఇంకోచోట పీ-ఏ-ఐ. చివర టీ తర్వాత హెచ్ ఉందా లేదా అన్నది మరో ప్రశ్న. మనిషికి ఇవన్నీ ఒకే పేరు, మెషీన్‌కి ఏ రెండూ ఒకటి కావు. వివరాలు దొరకలేదని వస్తే వెంటనే మానేయకుండా మూడు రకాలుగా కొట్టి చూడండి. ఆధార్‌లో ఉన్నట్టు ఒకసారి, పాత జీతం స్లిప్పులో ఉన్నట్టు ఒకసారి, ఇంటిపేరు పొడి అక్షరంతో ఇంకోసారి. పుట్టినతేదీ దగ్గరా అంతే. చేరేటప్పుడు ఏడాది మాత్రం చెప్పి ఉంటే జనవరి 1 అని రాసేసి ఉండే అవకాశం ఉంది, దాన్నీ ప్రయత్నించాలి. ఇలా ఏదో ఒక రూపంతో నంబరు దొరికితే మంచిదే, కానీ ఆ తేడా అలాగే ఉంటే రేపు క్లెయిమ్ తిరిగొస్తుంది. దొరికిన వెంటనే జాయింట్ డిక్లరేషన్ (వివరాల్లో తప్పులు దిద్దమని పెట్టే దరఖాస్తు) పెట్టి పేరు, తేదీ సరిచేయించుకోవాలి.

ప్రభుత్వ సేవల యాప్ ఉమాంగ్‌లోనూ ఈపీఎఫ్ఓ సేవల కింద ఇదే సౌకర్యం ఉంది. పోర్టల్ బరువుగా కదిలే వేళల్లో పనికొస్తుంది. యూఏఎన్ దొరికింది గానీ ఎప్పుడూ యాక్టివేట్ చేయలేదు అనేవాళ్ళకి మాత్రం ఉమాంగ్‌తోనే పని. ముఖం చూపించి యాక్టివేట్ చేసే పద్ధతి 2025లో వచ్చింది. ఉమాంగ్ ఒక్కటీ చాలదు, ఆధార్ ఫేస్ ఆర్‌డీ అన్న యాప్ కూడా ఫోన్‌లో వేసుకోవాలి. అది లేకపోతే కెమెరా దగ్గరికి రాగానే ఆగిపోతుంది. ఆధార్‌కి జతైన సిమ్ దగ్గరుండాలి, దానికే ఓటీపీ వస్తుంది. కిటికీకి ఎదురుగా నిలబడి, కళ్ళజోడు తీసి, చెప్పినప్పుడు కళ్ళు ఆర్పితే చాలు. వెలుతురు వెనకనుంచి పడితే ముఖం నల్లబడి మళ్ళీ మళ్ళీ తిరస్కరిస్తుంది.

ఈ తంటాలన్నీ పడేముందు ఇంట్లో ఒకసారి వెతకండి. జీతం స్లిప్పు పైభాగంలో యూఏఎన్ ఉంటుంది. కంపెనీలు నెలనెలా ఈపీఎఫ్ఓకి పంపే ఈసీఆర్ ఫైల్లో ప్రతి మనిషి పేరు పక్కనా ఈ నంబరుంటుంది. అంటే పాత కంపెనీ అకౌంట్స్ గుమాస్తాకి ఇది రెండు నిమిషాల పని. ఫోన్‌లో పీఎఫ్ జమ అయినట్టు వచ్చిన పాత మెసేజీలో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి, దాంతో నంబరు దొరకదు. వేరేచోట దొరికిన నంబరు మనదేనా అని సరిచూసుకోవడానికి మాత్రం అది చాలు.

కాంట్రాక్టరు కనబడకుండా పోతే ఈపీఎఫ్ఓ సైట్‌లోనే ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ ఉంది. ఎవరైనా చూడొచ్చు. సంస్థ పేరు కొడితే కోడు, చిరునామా, ఏ నెల ఎంత కట్టారన్నది తెలుస్తాయి. ఈ సేవకి రావలసినంత పేరు రాలేదు. పీఎఫ్ కోత కోసి అసలు కట్టారో లేదో కూడా ఇక్కడే అంచనాకి వస్తుంది. ఇంకో సంగతీ తెలుస్తుంది. పని చేసింది స్టీల్‌ప్లాంటు గేటు లోపలే అయినా, కాంట్రాక్టరు హైదరాబాదులో రిజిస్టరై ఉంటే ఖాతా అక్కడి ఆఫీసు కిందకొస్తుంది. విశాఖ మర్రిపాలెంలోని పీఎఫ్ ఆఫీసుకి వెళ్ళేముందే ఇది చూసుకుంటే ఒక పూట మిగులుతుంది.

పై దారులేవీ కుదరనివాళ్ళకి మర్రిపాలెం భవిష్యనిధి భవనే దిక్కు. ఆధార్ జతకాని పాత యూఏఎన్, మూతపడ్డ కంపెనీ, తప్పుపడ్డ తండ్రి పేరు, ఇలాంటివి ఫోన్‌లో తేలవు. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ తీసుకెళ్ళండి. పాత ఐడీ కార్డు గానీ అపాయింట్‌మెంట్ లెటరు గానీ, ఆ కంపెనీ నుంచి జీతం పడ్డట్టు బ్యాంకు స్టేట్‌మెంటు గానీ తోడుంటే పని చురుగ్గా సాగుతుంది. చేరిన తేదీ, మానేసిన తేదీ, రికార్డులో ఉండగల తండ్రి పేరు ఒక కాగితం మీద రాసుకోండి, కౌంటరు దగ్గర అడిగేవి అవే. పరవాడ, అచ్యుతాపురం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. ప్రతి నెలా 27న జిల్లాకొకచోట ఈపీఎఫ్ఓ వాళ్ళు నిధి ఆప్కే నికట్ అన్న శిబిరం పెడతారు, 27 సెలవైతే తర్వాతి పనిదినాన. అక్కడివాళ్ళు నగరం దాకా రావడం కంటే అదే నయం. టోల్‌ఫ్రీ 14470 దారి చూపిస్తుంది, కాగితాల పని మాత్రం చెయ్యలేదు.

నెట్ సెంటర్లకి మేమిచ్చే మార్కులు తక్కువ. యూఏఎన్ తెలుసుకోవడానికి ప్రభుత్వానికి కట్టాల్సిందేమీ లేదు, అక్కడ తీసుకునేది వాళ్ళ కూలి. అది తప్పని కాదు. కూర్చోబెట్టి మన ఎదురుగా చేసేవాళ్ళయితే ఫర్వాలేదు. ఆధార్ జిరాక్సు వదిలెళ్ళండి, సాయంత్రానికి చెబుతాం అంటే మాత్రం లేచి వచ్చేయండి. తమ మొబైల్ నంబరు ఎక్కించి పాస్‌వర్డు పెట్టేస్తే, ఆ తర్వాత ఓటీపీ ఎవరికి వెళ్తుందో ఆలోచించండి.

చివరగా, వెతుకుతుంటే ఒకటి బదులు రెండు యూఏఎన్‌లు బయటపడ్డవాళ్ళ సంగతి. 2021కి ముందు ఆధార్ లేకుండానే నంబర్లు పుట్టించే వీలుండేది కాబట్టి, ఫారం 11లో గడి ఖాళీగా వదిలినవాళ్ళకి ఇది తగులుతూనే ఉంటుంది. పాతదాంట్లో డబ్బు, సర్వీసు రెండూ ఉంటాయి. పెన్షన్‌కి పదేళ్ళ సర్వీసు లెక్కకొచ్చినప్పుడు ఆ ఏళ్ళు బంగారమే. పాతదాన్ని విడిగా తీసేసుకోవడం కంటే, ఇప్పుడు జీతం జమవుతున్న యూఏఎన్‌లోకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవడం మేలు. పెట్టేముందు పాత ఖాతాలో మానేసిన తేదీ పడిందో లేదో చూడాలి, లేకపోతే ట్రాన్స్‌ఫర్ ముందుకి కదలదు. పాత యజమాని వెయ్యకపోయినా, ఆఖరి జమ పడి రెండు నెలలు దాటితే మెంబర్ పోర్టల్‌లో మార్క్ ఎగ్జిట్ దగ్గర ఆధార్ ఓటీపీతో మనమే వేసుకోవచ్చు. ఒకసారి వేసిన తేదీ మార్చడం చాలా కష్టం, ఆఖరి జీతం స్లిప్పు పక్కన పెట్టుకుని మరీ వెయ్యండి.