నా పీపీఎఫ్ ఖాతా: పదిహేనేళ్ల ఐదు నెలలు, ఆ తర్వాత

పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్, ప్రభుత్వం నడిపే పదిహేనేళ్ల పొదుపు ఖాతా) తెరిచింది 2008 నవంబరులో. అప్పుడు నేను ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి దగ్గర ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. జీతం 7,500. పీఎఫ్ లేదు, పింఛను లేదు. మా చర్చి సంఘంలో పెద్దాయన ఒకరు, రిటైరైన హెడ్‌మాస్టరు, ఆదివారం ఆరాధన అయ్యాక పిలిచి "పోస్టాఫీసులో పీపీఎఫ్ తెరువమ్మా, ట్యాక్స్ మిగులుతుంది" అన్నారు. ఆ ఏడు ఆడవాళ్లకి లక్షా 80 వేల దాకా ఆదాయపు పన్నే లేదు. నా ఏడాది జీతం 90 వేలు. లేని పన్ను మిగుల్చుకోవడానికి వెళ్లి ఫారం నింపి వచ్చాను.

ఇన్నేళ్లు వాడాను కాబట్టి రాస్తున్నాను. ఖాతా తెరవాలా వద్దా అని అడిగేవాళ్లు మా సంఘంలోనే నెలకి ఒకరైనా ఉంటారు. ల్యాబ్‌లో రక్తం తీస్తుంటే కూడా అడుగుతారు, నొప్పి మర్చిపోవడానికేమో.

ముందు కాలం సంగతి. పదిహేనేళ్లు అంటారు గానీ, లెక్క మొదలయ్యేది ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాక. నేను 2008 నవంబరులో తెరిస్తే పదిహేనేళ్లు 2009 మార్చి 31 నుంచి లెక్కపెట్టారు. అంటే 2024 ఏప్రిల్ 1కి చేతికొచ్చింది. ఏప్రిల్‌లో తెరిచినవాళ్లకైతే దాదాపు పదహారేళ్లు పడుతుంది. ఈ ముక్క నాకు కౌంటర్‌లో ఎవరూ చెప్పలేదు. మా ఆయన పాస్‌బుక్ వెనక చిన్న అక్షరాలు చదివి చెప్పారు, అదీ తొమ్మిదో ఏట.

నెలకి 2,000 కట్టాను. వడ్డీ నేను చేరినప్పుడు 8 శాతం. 2012-13లో 8.8 దాకా పెరిగింది. తర్వాత మెట్లు దిగుతూ వచ్చి 2020 ఏప్రిల్‌లో 7.1 దగ్గర ఆగింది. ఇది రాసే నాటికీ అక్కడే ఉంది. "గవర్నమెంటు గ్యారంటీ" అంటే రేటుకి గ్యారంటీ అనుకునేదాన్ని. కాదు. అసలుకీ, అప్పటికే పడిన వడ్డీకీ మాత్రమే గ్యారంటీ. రేటు మూడు నెలలకోసారి వాళ్లు ప్రకటించేదాన్ని బట్టి మారుతుంది.

ఐదో తారీఖు గురించి అందరూ టెన్షన్ పెడతారు. నెలలో 5వ తారీఖు మొదలుకొని నెలాఖరు దాకా ఉన్న నిల్వలో ఏది తక్కువో దాని మీదే ఆ నెల వడ్డీ లెక్కేస్తారు. 6న కట్టిన డబ్బుకి ఆ నెల వడ్డీ లేదు. మా జీతం ఏడో తారీఖుకి గానీ పడేది కాదు. అయిదేళ్ల పాటు ప్రతి నెలా అత్తగారి దగ్గర 2,000 చేబదులు అడిగి, నాలుగో తారీఖున పరుగెత్తి కట్టి, ఏడున ఆవిడకి తిరిగిచ్చేదాన్ని. ఒక రోజు క్యూలో నిల్చుని సెల్‌ఫోన్‌లో లెక్క వేశాను. 2,000 మీద ఒక నెల వడ్డీ, 8 శాతం చొప్పున, 13 రూపాయల 33 పైసలు. పోస్టాఫీసుకి షేర్ ఆటో రానుపోను 20. ఆ రోజుతో పరుగు మానేశాను. ఏడాది మొత్తం ఒకేసారి కట్టేవాళ్లకి మాత్రం ఇది చిన్న విషయం కాదు. లక్షన్నర ఏప్రిల్ 5 లోపు కట్టినవాళ్లకీ మార్చి నెలాఖరున కట్టినవాళ్లకీ ఇప్పటి రేటులో 10,650 తేడా.

ఇక ట్యాక్స్. నా విషయంలో 80సి మినహాయింపు (ఇలా దాచిన డబ్బుని పన్ను లెక్కలోంచి తీసేసే సెక్షన్) వల్ల మిగిలింది సున్నా. జీతం పెరిగిన కొద్దీ పన్ను లేని పరిమితులూ పెరుగుతూ పోయాయి, చిన్న ఆదాయాలకి పన్ను మాఫీ చేసే రిబేటు ఒకటి వచ్చింది, నేను పన్ను గీత ఎన్నడూ దాటలేదు. ఇప్పుడు కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఆ మినహాయింపు అసలే లేదు, వడ్డీ మీద పన్ను లేకపోవడం మాత్రం రెండు విధానాల్లోనూ ఉంది. పాత విధానంలోనే ఉన్న ప్రభుత్వోద్యోగులకి, 20, 30 శాతం పన్ను కట్టేవాళ్లకి ఆ మినహాయింపు నిజంగా పనికొస్తుంది. నాలాంటి వాళ్లు దాన్ని చూసి చేరొద్దు. పన్నే లేనివాళ్లకి బ్యాంకు ఎఫ్‌డీ వడ్డీ మీదా పన్ను ఉండదు. బ్యాంకు వడ్డీలోంచి ముందే పన్ను (టీడీఎస్) కోయకుండా, నాకు పన్ను పడదని రాసిచ్చే ఫారం ఏప్రిల్‌లో ఇస్తే చాలు.

మరి నాకు పనికొచ్చిందేమిటంటే, తాళం.

2014లో మా తమ్ముడు వచ్చాడు. సెకండ్‌హ్యాండ్ బొలెరో బేరం కుదిరింది, పర్లాకిమిడి నుంచి పలాసకి ట్రిప్పులు వేసుకుంటాడట. లక్ష తక్కువైంది. నా ఖాతాలో మార్చికి లక్షా 60 వేలు పైన ఉందని వాడికి తెలుసు, ఎలాగంటే పాస్‌బుక్ బీరువా మీదే పడేసి ఉంచేదాన్ని. "అక్కా, నీ డబ్బే కదా, తీసివ్వు" అన్నాడు. పోస్టాఫీసుకి వెళ్లి అడిగాను. ఏడో ఆర్థిక సంవత్సరం వచ్చింది కాబట్టి కొంత తీసుకోవచ్చు, కానీ నాలుగేళ్ల కింది నిల్వలోనో, పోయిన ఏడు నిల్వలోనో, ఏది తక్కువైతే దానిలో సగమే. నాకు వచ్చేది 32 వేల లోపు.

ఇంటికొచ్చి వాడికి ఏం చెప్పానంటే, "పదిహేనేళ్లు నిండే దాకా రూపాయి కూడా రాదు తమ్ముడూ, రూల్ ఒప్పుకోదు."

అబద్ధం. 32 వేలు వచ్చేది. ఆ ఆదివారం బల్లారాధన (ప్రభు రాత్రి భోజనం), రొట్టె ముక్క చేతిలోకి తీసుకునేటప్పుడు గుర్తొచ్చింది. అయినా వాడికి చెప్పలేదు. వాడు ఫైనాన్స్‌లో తీసుకున్నాడు, రెండేళ్లు కష్టపడి కట్టాడు, మూడో ఏట వాయిదాలు తప్పితే బండి పట్టుకుపోయారు. నేనిచ్చి ఉంటే ఆ 32 వేలూ దానితోనే పోయేవని మా ఆయన అంటారు. ఏమో, ఆ 32 వేలు ఉంటే వాయిదాలు తప్పేవి కావేమో అని నాకనిపిస్తుంది. పీపీఎఫ్ మీద పొగడ్తలు రాసేవాళ్లు ఈ సంగతి రాయరు. తాళం డబ్బునే కాదు, మనల్ని కూడా దాని వెనక దాచుకోనిస్తుంది. ఇన్నేళ్లలో చీటీలవాళ్లు అడిగారు, ఆడపడుచు అడిగింది, ఒకసారి పాస్టరు గారే మందిరం ప్రహరీ గోడకి అడిగారు. అందరికీ ఒకటే మాట, రూల్ ఒప్పుకోదు. జీతం చేతిలో మిగిలి ఉంటే ఒక్కరికీ కాదనలేను, నా సంగతి నాకు తెలుసు. 2013లో ఒడిశాలో డిపాజిట్ కంపెనీలు వరసగా కూలినప్పుడు మా వీధిలో ఏడ్చిన ఇళ్లు నాలుగు. ఆ ఏజెంటు మా ఇంటికీ వచ్చాడు. చేతిలో డబ్బు లేక మేం బతికిపోయాం.

తాళం తీసింది ఒకేసారి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మాకు గాలి శబ్దం రైలు ఇంట్లోంచి పోతున్నట్టుంది. వంటిల్లు మీది ఆస్‌బెస్టాస్ రేకులు మూడు లేచి ఎదురింటి కొబ్బరిచెట్టు మొదట్లో పడ్డాయి. గజపతి జిల్లాలో కొండ చరియలు విరిగి మనుషులు పోయిన తుపాను అది, మా నష్టం లెక్కలోకి రాదు. కప్పుకి 60 వేలు కావలసి వచ్చింది. అప్పటి లెక్కలో లక్ష దాకా తీసుకునే వీలుంది. ఫారం ఇచ్చిన మూడు వారాలకి డబ్బు వచ్చింది. అత్యవసరానికి పీపీఎఫ్‌ని నమ్ముకోకూడదని అప్పుడు తెలిసింది. ఆ మూడు వారాలూ అన్నం వండింది టార్పాలిన్ కింద. అప్పటి నుంచి రెండు నెలల ఖర్చు మామూలు సేవింగ్స్ ఖాతాలో విడిగా ఉంచుతున్నాను.

సర్వీసు గురించి రెండు మాటలు. 2023లో చిన్న మొత్తాల ఖాతాలన్నిటికీ ఆధార్ తప్పనిసరి చేశారు, సెప్టెంబరు 30 గడువు. అక్కడ బయటపడింది నా పేరు గొడవ. మనకి ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడ ఒడియా వాళ్లకి చివర ఉంటుంది. 2008లో ఖాతా రాసుకున్న ఆయన నా పేరులో చివరి ముక్కనే ఇంటిపేరనుకుని, అసలు ఇంటిపేరుని ఒక్క అక్షరానికి కుదించేశారు. పాన్‌లో ఒకలా, ఆధార్‌లో పెళ్లయ్యాక మార్చుకున్నది ఇంకోలా. ముగ్గురు ఆడవాళ్లూ నేనే అని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాను. సరిహద్దులో ఉండే తెలుగువాళ్లు ఎవరైనా సరే, ఖాతా తెరిచే రోజే పాన్‌లో ఉన్నట్టు అక్షరం అక్షరం రాయించుకోండి. కట్టడం మాత్రం ఇప్పుడు సుఖం. పోస్టల్ బ్యాంకు యాప్‌లోంచి కూర్చున్న చోటే పంపిస్తున్నాను.

2024 ఏప్రిల్‌లో వచ్చిన లెక్క ఇది. మొత్తం కట్టింది 3,70,000. మధ్యలో తీసింది 60 వేలు. చివరకి ఖాతాలో ఉన్నది 6 లక్షల 8 వేలకి కొంచెం అటూఇటూ. అంటే వడ్డీ 2 లక్షల 98 వేలు.

దశమ భాగం, అంటే రాబడిలో దేవుడికిచ్చే పదో వంతు, ప్రశ్న ఇక్కడ వచ్చింది. మొత్తం మీద ఇవ్వాలా, వడ్డీ మీదా? నేను జీతం రాగానే పదో వంతు తీసేశాకే మిగిలిన దాంట్లోంచి కట్టాను, కాబట్టి అసలుకి ఒకసారి ఇచ్చేసినట్టే. పాస్టరు గారిని అడిగితే, సణుక్కుంటూ గానీ బలవంతంగా గానీ ఇవ్వొద్దని పౌలు కొరింథీయులకి రాసిన మాట చెప్పి, ఎంతో చెప్పకుండా ఊరుకున్నారు. ప్రహరీ గోడ ఇంకా సగమే ఉంది పాపం, అయినా చెప్పలేదు. మా ఆయన లెక్క వేరు. పదిహేనేళ్లలో బియ్యం ధర పెరిగింది, దాన్ని తీసేస్తే నిజంగా మిగిలిందెంత, దాని మీద ఇవ్వు అన్నారు. ఆయనది మెకానిక్ బుర్ర.

అత్తగారు మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా విన్నారు. "వడ్డీ డబ్బుల్లో దేవుడికి వాటా ఏటమ్మా?" అన్నారు. ఆవిడ చిన్నప్పుడు సాహుకారు వడ్డీ కింద వాళ్ల మెట్ట పొలం రాయించుకున్నాడు. వడ్డీ అన్న మాటే ఆవిడకి గిట్టదు. నిర్గమకాండంలో ఉన్నది బీదవాడికి అప్పిచ్చి వడ్డీ పిండవద్దని, ప్రభుత్వానికి మనం అప్పిస్తే కాదు, మత్తయి 25లో యజమాని కూడా డబ్బు సాహుకార్ల దగ్గర వేసి ఉంటే వడ్డీతో తీసుకునేవాణ్ణి కదా అన్నాడు అని చెప్పాను. "ఆ యజమాని మంచోడని ఎవరన్నారు?" అని మళ్లీ కాయలు అందుకున్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

29,800 తీశాను. సగం సంఘానికి. మిగతా సగం నర్సింగ్ చదువుతున్న సవర గిరిజన అమ్మాయికి హాస్టల్ ఫీజు. దీనికి 80జి (ఆమోదం ఉన్న సంస్థలకిచ్చే విరాళాల మీద పన్ను మినహాయింపు) వస్తుందా అని మా ఆడపడుచు అడిగింది. ఒక మనిషికి చేతికిచ్చిన డబ్బుకి రాదు. చర్చి కానుకకీ మామూలుగా రాదు, ఆ ఆమోదం ధర్మకార్యాల సంస్థలకి గానీ మతపరమైన ఖర్చే ముఖ్యంగా ఉన్నవాటికి కాదు. ఆమోదం ఉన్న మిషన్ ఆసుపత్రికో అనాథాశ్రమానికో ఇచ్చినా నగదైతే 2,000 మించితే లెక్కలోకి తీసుకోరు. కొత్త విధానం ఎంచుకుంటే అదీ లేదు. అసలు పన్నే లేనిదాన్ని, నాకెందుకు రసీదు.

పక్కన 2019 నుంచి నెలకి 1,000 నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లోనూ (యాభై పెద్ద కంపెనీల షేర్లు కొనే ఫండ్) వేస్తున్నాను. పీపీఎఫ్ కంటే బాగానే పెరిగింది, 2020 మార్చిలో షేర్లు కూలినప్పుడు మాత్రం నిద్ర పట్టలేదు. ఆ యాభై కంపెనీల్లో సిగరెట్లు చేసేదీ ఉంది. అది విశ్వాసికి తగునా అని ఒక యువకుడు స్త్రీల కూడికలో నన్ను నిలదీశాడు. బయట అతని చొక్కా జేబులో గుట్కా ప్యాకెట్ కనబడింది, ఊరుకున్నాను.

ఖాతా మూయలేదు. ఇంకో అయిదేళ్లు పొడిగించాను, 2029 మార్చి 31 దాకా. గడువు తీరిన ఏడాది లోపు ఫారం 4 ఇవ్వాలి. అది ఇవ్వకుండా అలవాటు కొద్దీ డబ్బు కడుతూ పోతే ఆ కొత్త డబ్బుకి వడ్డీ రాదు. కట్టడం ఆపేసి ఊరికే వదిలేస్తే ఉన్నదాని మీద వడ్డీ వస్తూనే ఉంటుంది, ఏడాదికోసారి ఎంతైనా తీసుకోవచ్చు. నాలా కడుతూ పొడిగిస్తే అయిదేళ్లలో 60 శాతమే తీయనిస్తారు. నేను కావాలనే రెండోది ఎంచుకున్నాను. పాస్‌బుక్ ఇప్పుడు బీరువా లోపల ఉంది. తమ్ముడికి 2014 సంగతి ఇంకా చెప్పలేదు.

ఈ నెల కూడా యాప్‌లో కట్టేసరికి తొమ్మిదో తారీఖైంది. 11 రూపాయల 83 పైసలు పోయాయి.