తాతగారి చేలు, అమెరికా మనవలు: భీమవరంలో ఇస్తున్న ‘ఎన్నారై ఆస్తి ఫైలు’ ఎంతవరకు పనికొస్తుంది?

పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ ఇళ్ల కోసం డెల్టాలో ఈమధ్య ఒక సేవ మొదలైంది. వరిచేలు, చేపల చెరువులు, కొబ్బరితోట కొడుకుని దాటి నేరుగా మనవలకి చేరేలా కాగితాలు రాయించి, అమెరికా పన్ను సలహా కూడా జోడించి ఒకే ఫైలుగా కట్టి ఇస్తారు. ఇక్కడ చూస్తున్నది భీమవరంలోని ఒక ఆఫీసు ఇచ్చే ఫైలు. ఇండియా భాగానికి ఐదుకి నాలుగు మార్కులు, అమెరికా భాగానికి రెండు. ఆ రెండూ కూడా కాస్త ఉదారంగా వేసినవే.

ఇండియా భాగంలో బాగా చేసిన పని ఒకటుంది. వ్యవసాయ భూమికి గిఫ్ట్ డీడ్ రాయరు, వీలునామాయే రాయిస్తారు. ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) నియమాల ప్రకారం ఎన్నారైలు, ఓసీఐ కార్డున్నవాళ్లు (భారత మూలాలున్న విదేశీ పౌరులు) ఇల్లు, ఇళ్ల స్థలం బంధువుల నుంచి బహుమతిగా తీసుకోవచ్చు గానీ చేను, తోట తీసుకోకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం అడ్డు లేదు. చెరువు తవ్వేసినా రికార్డులో అది వ్యవసాయ భూమే అయితే ఇదే లెక్క. దస్తావేజు లేఖరి అరపూటలో గిఫ్ట్ డీడ్ రాసిచ్చేస్తాడు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు కూడా అయిపోవచ్చు. అంతమాత్రాన ఫెమా ఒప్పుకున్నట్టు కాదు. అమ్మి డబ్బు బయటికి పంపేటప్పుడు బ్యాంకు అడిగే మొదటి ప్రశ్న ‘ఈ భూమి మీకెలా వచ్చింది’ అనే.

వీలునామా ముసాయిదా కూడా శుభ్రంగా ఉంది. సర్వే నెంబర్లు, ఎకరాలు, సెంట్లు రెవెన్యూ రికార్డు 1బి ప్రకారం వేసి, ఈసీతోనూ (భూమి మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) లింకు డాక్యుమెంట్లతోనూ (పాత దస్తావేజులు) సరిచూస్తారు. స్వార్జితం వేరు, పిత్రార్జితం వేరు అని రెండు షెడ్యూళ్లు పెట్టారు. పిత్రార్జితంలో తాతగారు తన వాటా మాత్రమే వీలునామా రాయగలరు, మొత్తం చేను మనవడికి రాసేస్తే కూతుళ్ల వాటా దగ్గర కోర్టుకెక్కుతుంది. సాక్షులు ఇద్దరూ ఆస్తి పొందేవాళ్లు కాకుండా, తాతగారికన్నా బాగా చిన్నవాళ్లయి ఉండాలని చెప్పడం అనుభవం ఉన్నవాళ్ల మాట.

ఒక్క మార్కు తగ్గింది మైనర్ల దగ్గర. ఆరేళ్ల మనవడి పేరుకి చేను వెళ్తే, వాడికి 18 నిండేలోగా అమ్మాలంటే తండ్రి సంతకం చాలదు, కోర్టు అనుమతి కావాలి. ఫైల్లో దీనికి ఒక్క లైను, అదీ ఆఖరి పేజీలో. అసలు మనవడి పేరే పెట్టాలా, కొడుకు పేరు పెడితే పోదా అన్న నిర్ణయమంతా ఈ ఒక్క లైను మీదే ఆధారపడుతుంది.

ఇక అమెరికా భాగం. అట్ట మీదే పెద్ద అక్షరాలతో ‘40 శాతం పన్ను తప్పించుకోండి’. ఆ పన్ను నిజమే. జెనరేషన్ స్కిప్పింగ్ ట్రాన్స్‌ఫర్ టాక్స్ అంటారు. 1976లో తెచ్చి, 1986లో తిరగరాశారు. ఆస్తి ప్రతి తరంలోనూ ఒకసారి ఎస్టేట్ టాక్స్ (మనిషి పోయాక వదిలిన ఆస్తి మీద పన్ను) కట్టాల్సి వస్తుందని డబ్బున్న కుటుంబాలు కొడుకుని వదిలి మనవడికి ఇచ్చేవి. అలా ఎగ్గొట్టిన తరానికి బదులుగా ఇది, ఆ టాక్స్‌కి అదనంగా పడుతుంది. రేటు ఒకటే, 40 శాతం. అయితే 2026లో ఒక్కో మనిషికి కోటీ యాభై లక్షల డాలర్ల దాకా మినహాయింపు ఉంది.

ఫైలు చెప్పని ముఖ్య సంగతి: ఈ పన్ను ఇచ్చేవాళ్లని బట్టి, ఆస్తి ఉన్న చోటుని బట్టి పడుతుంది, పుచ్చుకునేవాళ్లని బట్టి కాదు. తాతగారు భారత పౌరులు, కాపురం నరసాపురం, చేను కూడా అక్కడే. మనవడు డల్లాస్‌లో పుట్టిన అమెరికా పౌరుడైనా ఈ పన్ను తగలదు. ఇలాంటి ఇళ్లకి అట్ట మీది 40 శాతం ఉత్త బెదిరింపు.

కాబట్టి ఫైల్లోని ప్రశ్నావళిలో మొదట అడగాల్సింది గ్రీన్‌కార్డు గురించి. ఇందులో ఆ ప్రశ్నే లేదు. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ తిరిగే పెద్దవాళ్ల విషయంలో రోజుల లెక్క ఇన్‌కమ్ టాక్స్‌కే పనికొస్తుంది. ఎస్టేట్, గిఫ్ట్ టాక్స్‌లకి చూసేది స్థిరనివాసం ఎక్కడ అని. శాశ్వతంగా ఉండిపోయే ఉద్దేశంతో గ్రీన్‌కార్డు మీద అక్కడ ఉంటే, కోనసీమ తోట కూడా అమెరికా లెక్కలోకి వస్తుంది. ఈ పన్నుల మీద రెండు దేశాల మధ్య ఒప్పందం లేదు. స్థిరనివాసం ఇక్కడే ఉన్నవాళ్ల ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది: కొడుకు అక్కడ తండ్రి పేరున ఫ్లాటో, అమెరికా కంపెనీల షేర్లో కొని ఉంటే, తండ్రి పోయాక ఎస్టేట్ టాక్స్‌కి మినహాయింపు 60,000 డాలర్లే. కోటిన్నర కాదు.

రెండు మార్కులే ఇవ్వడానికి అసలు కారణం ఫారం 3520 ప్రస్తావనే లేకపోవడం. విదేశీ వ్యక్తి నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి బహుమతి గానీ వారసత్వం గానీ అందితే అమెరికా మనవడు ఈ ఫారం వేయాలి. పన్నేమీ లేదు, తెలియజేయడమే. వేయకపోతే నెలకి 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా పడవచ్చు. చిన్నపిల్లలకీ మినహాయింపు లేదు, వాళ్ల పేరున విడిగా వేయాలి. డెల్టాలో భూమి ధరకి లక్ష డాలర్లు దాటడం ఏమంత కష్టం కాదు. తాతగారు పోయిన రోజుకి విలువ కట్టిన వాల్యుయర్ రిపోర్టు అప్పుడే తీయించి పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ శాఖ పుస్తక విలువ వేసుకుంటే, తర్వాత భూమి అమ్మినప్పుడు అమెరికాలో లాభం ఎక్కువగా తేలి తామే నష్టపోతారు; వారసత్వ ఆస్తికి అక్కడ కొన్న ధరగా తీసుకునేది ఆ రోజు మార్కెట్ విలువనే.

గ్రీన్‌కార్డు పెద్దల కోసం ఫారం 709 (అమెరికా గిఫ్ట్ టాక్స్ రిటర్ను) మీద రెండు పేజీలున్నాయి. ఏటా ఒక్కొక్కరికి 19,000 డాలర్ల దాకా లెక్కలోకి రాదని, ఫీజు నేరుగా కాలేజీకి కడితే అదీ రాదని రాశారు. రెండూ నిజమే. భార్యాభర్తలు కలిపి 38,000 ఇవ్వొచ్చన్న చోట తప్పు దొర్లింది. అలా పంచుకోవాలంటే ఇద్దరూ అమెరికా పౌరులో స్థిరనివాసులో అయి ఉండాలి. మామ్మగారి కాపురం పాలకొల్లులోనే ఉంటే కుదరదు. కుదిరినా 709 వేయాల్సిందే.

ట్రస్టు పేజీ ఇంకా పల్చన. మనవల ట్రస్టులో పది లక్షల డాలర్లు వేసి, 709లో ఆరు లక్షలకే జెనరేషన్ స్కిప్పింగ్ పన్ను మినహాయింపు కేటాయించారనుకోండి. ఆ ఆరు లక్షలు విడిగా భద్రంగా ఉండవు. మినహాయింపు అందని నాలుగు లక్షల వాటా, అంటే 0.4 నిష్పత్తి, ట్రస్టు మొత్తానికి పట్టుకుంటుంది. దాన్ని 40 శాతంతో గుణిస్తే 16 శాతం. ట్రస్టు నుంచి మనవడికి లక్ష వస్తే 16,000 పన్ను వాడే కట్టాలి. గడువు ఏప్రిల్ 15 దాటాక ఆలస్యంగా కేటాయిస్తే అప్పటి విలువ మీద లెక్క: పది లక్షలు పదిహేనయితే మినహాయింపూ పదిహేను ఖర్చవుతుంది. కొన్ని ట్రస్టులకి కేటాయింపు దానంతటదే జరిగిపోతుంది కూడా. వద్దనుకుంటే 709లోనే వద్దని రాయాలి. భర్త వాడుకోని ఎస్టేట్ మినహాయింపు భార్యకి బదిలీ చేయించుకోవచ్చు, ఈ పన్ను మినహాయింపు మాత్రం ఆయనతోనే పోతుంది. ఇవేవీ ఫైల్లో లేవు. కొడుకు ముందే చనిపోయి ఉంటే మనవడు ఒక తరం పైకి జరిగి ఈ పన్ను తగలదన్న మాట మాత్రం సరిగ్గా పట్టుకున్నారు.

గ్రీన్‌కార్డు లేదా అమెరికాలో ఆస్తి ఉన్నవాళ్లు ఆ భాగాన్ని అక్కడి ఎస్టేట్ లాయరుకి, సీపీఏకి (అమెరికా అకౌంటెంటు) వదిలి ఇక్కడ వీలునామా భాగం వరకే తీసుకోవడం మేలు. ఆఫీసువాళ్లు విడిగా ఇవ్వలేమంటారు గానీ గట్టిగా అడిగితే ఇస్తారు. ఫీజు ఆస్తి విలువలో శాతంగా చెబుతారు, దానికి ఒప్పుకోవద్దు. వాళ్ల పని సర్వే నెంబర్ల సంఖ్యని బట్టి పెరుగుతుంది తప్ప ఎకరం ధరని బట్టి కాదు. నెంబరుకింత అని మాట్లాడుకుని, రిజిస్ట్రేషన్ ఖర్చులు అందులో ఉన్నాయో లేదో అడ్వాన్సు ఇచ్చే ముందే రాయించుకోండి.